పాత ఇంటికి వరండా కలిపి కట్టించుకున్నవాళ్లు ఒకసారి ఇటు చూడండి

తూర్పుగుమ్మం: అమ్మానాన్న ఉంటున్న పాత ఇంటికి ముందువైపు పదడుగుల వెడల్పున వరండా కలపాలని చూస్తున్నాం. స్లాబ్ వేయించాలా, రేకులు చాలా? పాత గోడకి కలిపేయాలా, విడిగా పిల్లర్లు లేపాలా? పర్మిషన్ సంగతేంటి? నాన్నకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎలా ఉంటే మంచిది? మేస్త్రీ రేపే తవ్వేస్తానంటున్నాడు, ఆ టెన్షన్ ఒకటి.

వానచినుకు: మిగతావన్నీ తర్వాత, ముందు నీళ్ల సంగతి చూసుకోండి. మా ఇంట్లో కొత్త స్లాబ్ పాత గోడని తాకే చోట మొదటి వానాకాలానికే హాల్లోకి చెమ్మ దిగింది. డాబా మీది నీళ్లు దిగే పైపు సరిగ్గా వరండా స్లాబ్ మీద పడుతోంది, దాన్ని నేలదాకా దింపమని మొదట్నుంచీ మొత్తుకున్నాం, కట్టినాయన వింటేగా. రంగంతా పొక్కులు లేచి ఊడిపోయింది, గుమ్మం తలుపు ఉబ్బి పట్టేస్తోంది. ఇప్పుడాయన ఫోన్ కూడా ఎత్తడు.

సైటింజనీర్: ఏళ్ల తరబడి సైట్ల మీదే బతుకుతున్నవాణ్ణి, చెప్తున్నా రాసుకోండి. పాత గోడకి కొత్త స్లాబ్ కలపకూడదు, అంతే. పాత ఇల్లు కుంగాల్సినంతా ఎప్పుడో కుంగి స్థిరపడింది. కొత్త పునాది మీద ఇప్పుడిప్పుడే బరువు పడుతుంది కాబట్టి అది కాస్త దిగుతుంది. రెండింటినీ బిగించి కూర్చోబెడితే కలిసిన చోట పగులుతుంది. పిల్లర్లన్నీ వరండాకే విడిగా వేసుకుని గోడకీ స్లాబ్‌కీ మధ్య అంగుళం సందు వదలండి, అందులో ఫిల్లర్ బోర్డు, అంటే నొక్కితే అణిగే మెత్తటి బోర్డు పెట్టి, పైన సీలెంట్, అంటే రబ్బరులా సాగే జిగురు నింపించండి.

గట్టిపునాది: అందరికీ ఒకే మంత్రం చెప్పకండి సార్. మాది కలిపే కట్టారు. పాత బీమ్‌లోకి డ్రిల్ వేసి, రంధ్రంలో దుమ్మంతా బ్రష్‌తో తీసి ఊది, కెమికల్ నింపి రాడ్లు దించారు. ఇప్పటిదాకా ఒక్క నెర్రె లేదు, చూసినవాళ్లు ఇల్లంతా ఒకేసారి కట్టారనే అనుకుంటారు.

సైటింజనీర్: మీది పిల్లర్ల ఇల్లు, మీకు బీమ్ దొరికింది. బరువంతా ఇటుక గోడల మీదే నిలబడ్డ ఇంట్లో ఆ రాడ్లు దేన్ని పట్టుకుంటాయి? ఇటుకనా? అడిగినవాళ్లది పాత ఇల్లు, అది చదివారా అసలు?

గట్టిపునాది: పాత ఇల్లంటే ఇటుక గోడలేనని మీకు మీరే తేల్చేశారు. పైగా సందు వదిలితే వానచినుకు గారికి అయినట్టే నీళ్లు దిగుతాయి, అది ఎవరు చూస్తారు?

వానచినుకు: మధ్యలో నన్ను లాగకండి. మా ఇంట్లో సందు వదల్లేదు, గోడకి ఆనించి పోసేశారు. అక్కడే పగిలింది, అక్కడి నుంచే కారుతోంది.

సైటింజనీర్: ఇప్పుడేమంటారు? సందు వదిలాక దాని మీద గొడుగు పట్టాలి, అది తెలియనివాళ్లే కారుతుంది కారుతుంది అంటారు. పాత గోడలో కొత్త స్లాబ్‌కి పైన అడ్డంగా గాడి కోసి, అందులోకి రేకు పట్టీ అంచు దూర్చి సీలెంట్ వేయాలి. పట్టీ రెండో అంచు కిందికి వంగి స్లాబ్ మీద ఊరికే ఆని ఉండాలి, దానికి మేకు కొట్టకూడదు. కొట్టారంటే స్లాబ్ కదిలినప్పుడల్లా పట్టీ చిరుగుతుంది. స్లాబ్ బయటి అంచు అడుగున కూడా సన్నటి గాడి తీయిస్తే నీళ్లు లోపలికి పాకకుండా అక్కడే తెగి పడతాయి.

గట్టిపునాది: ఇదే మాట మొదట మర్యాదగా చెప్పి ఉంటే సరిపోయేది.

నీడపట్టు: ఎవరూ వెలుతురు మాట ఎత్తరేంటి? మా వరండా అందంగా వచ్చింది కానీ ముందు గదిలో పట్టపగలు లైటు వేసుకోవాల్సి వస్తోంది. అత్తయ్య ఆ గదిలోనే కిటికీ దగ్గర కూర్చుని చదువుకునేవారు, ఇప్పుడు కుర్చీ బయటికి తెచ్చుకుంటున్నారు. పైకప్పులో కొంత భాగమైనా వెలుతురు దిగే షీటు పెట్టించండి, లేదా కప్పు ఎత్తు పెంచండి.

రేకులనీడ: అందుకే మేం మొత్తం పాలీకార్బొనేట్ షీట్లే వేయించాం. బరువు తక్కువ, పునాది మీద భారం లేదు, వెలుతురుకి వెలుతురు.

వానచినుకు: వాన పడితే ఆ చప్పుడుకి పక్కనున్న మనిషి మాట వినపడదు. ఎండాకాలం కింద కూర్చుని చూడండి.

మేస్త్రీగారబ్బాయి: పొద్దుట్నుంచి చదువుతున్నా, తప్పంతా కట్టినవాడిదే అంటున్నారు. మా నాన్న పని చేసిన ఇళ్లలో స్లాబ్ పోసిన మర్నాడు మడులు కట్టి నీళ్లు నింపి అప్పగిస్తే, వారమైనా తడపకుండా వదిలేసింది ఎవరు? ఇంటివాళ్లే. కనీసం 7 రోజులు తడి ఆరకూడదు. కాంక్రీటు బలాన్ని 28 రోజులకి లెక్కగడతారు, మీరేమో సెంట్రింగ్ ఎప్పుడు తీస్తారని రోజూ అడుగుతారు. ఇంకోటి, ఇంటి గోడ పక్కన ఉండేది పూడ్చిన మట్టి. ఇల్లు కట్టినప్పుడు తవ్వి మళ్లీ నింపింది. దాని మీద పిల్లర్ పెడితే ఏ ఇంజనీరూ కాపాడలేడు. అసలు మట్టి తగిలేదాకా తవ్వాలి, అలాగని పాత పునాది అడుగుకన్నా కిందికి పోతే పాత గోడకే ప్రమాదం. అందుకే పిల్లర్ గుంటలు గోడకి దూరంగా జరుపుతాం.

సైటింజనీర్: మట్టి గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

తూర్పుగుమ్మం: అందరికీ థాంక్సండీ. మాది ఇటుక గోడల ఇల్లే, విడిగానే కడతాం. కానీ పర్మిషన్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకో చిక్కు, బాత్రూమ్ పైపు చాంబర్ సరిగ్గా వరండా వచ్చే చోట ఉంది. టైల్స్ వేసి మూసేస్తానంటున్నాడు మేస్త్రీ.

నీడపట్టు: మూయనివ్వకండి! పైపు పూడుకుపోయిన రోజు కొత్త టైల్స్ పగలగొట్టాలి. చాంబర్‌ని వరండా బయటికి జరిపించండి, కుదరకపోతే మూత తెరుచుకునేలా ఉంచండి.

రేకులనీడ: పర్మిషన్‌కి ముందు ఇంటి ప్లాన్ తీసి చూడండి, ముందు వదలాల్సిన ఖాళీలోకి వరండా వస్తుందేమో. రేకుల కప్పైతే అడగరని మాకూ చెప్పారు, తర్వాత నోటీసు వచ్చింది. తవ్వకముందే మీ ఊరి ఆఫీసులో కనుక్కోండి.

మేస్త్రీగారబ్బాయి: మీ నాన్నగారి మెట్లకి వస్తే, ఎత్తు 6 అంగుళాలు దాటనివ్వకండి, పాదం పూర్తిగా ఆనేలా వెడల్పు 12 ఉంచండి, అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. నేలకి అడుక్కి పావు అంగుళం చొప్పున బయటికి వాటం ఇవ్వాలి. అంటే మీ పదడుగులకి రెండున్నర అంగుళాలు. ఆ లెక్క తేలాకే చివరి మెట్టు ఎత్తు ఖాయం చేయమనండి.

వానచినుకు: గరుకు టైల్స్ వేయించండి. నునుపువి తడిస్తే పెద్దవాళ్లు జారిపోతారు.

గట్టిపునాది: మెట్లకి రెండు పక్కలా పట్టుకునే కడ్డీ కూడా పెట్టించండి. దానికి బోల్టులు మెట్లు పోసేటప్పుడే వేయాలి, మేస్త్రీకి ఇప్పుడే చెప్పి ఉంచండి.