వైద్య వ్యాసంలో స్పృహ, తెలివి, మెలకువ: ఎక్కడ ఏ మాట?

పెద్దలకు నమస్కారం. మెదడులోని విద్యుత్తును కొలిచి మనిషి ఏ స్థితిలో ఉన్నాడో చెప్పే పద్ధతుల మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ‘కాన్షస్‌నెస్’ వచ్చిన చోటల్లా ‘స్పృహ’ అని రాసుకుంటూ పోతే ఈ వాక్యం దగ్గర కలం ఆగింది: “కోమా దాటిన కొందరు కళ్ళు తెరుస్తారు, నిద్రపోతారు, మళ్ళీ లేస్తారు, కానీ వాళ్ళకు స్పృహ ఉండదు.” కళ్ళు తెరిచి చూస్తున్న మనిషికి స్పృహ లేదంటే చదివేవాళ్ళు ఒప్పుకుంటారా? పత్రికలైతే అన్నిటికీ కలిపి కోమా అనేస్తాయి. చైతన్యం అందామంటే మహిళా చైతన్యం, రాజకీయ చైతన్యం గుర్తొస్తున్నాయి. ఏమంటారు?

జవాబు (తెలుగు పంతులుగారు):
ముందు స్పృహ సంగతి. సంస్కృతంలో దానికి కోరిక అని అర్థం. గీతలో ‘సుఖేషు విగతస్పృహః’ అంటే సుఖాల మీద ఆశ వదులుకున్నవాడని, సుఖం ఎక్కువై మూర్ఛపోయినవాడని కాదు! నిరాశా నిస్పృహలు అన్నప్పుడు ఆ పాత అర్థమే పలుకుతోంది. తెలుగులో ‘స్పృహ తప్పడం’ ఎప్పుడో స్థిరపడింది కాబట్టి దాన్నిప్పుడు కదపనక్కర్లేదు. అయితే ఇళ్ళల్లో రెండు మాటలున్నాయి చూడండి. పడుకున్నవాణ్ణి గురించి ‘మెలకువ వచ్చిందా?’ అంటాం, కళ్ళు తిరిగి పడిపోయినవాణ్ణి గురించి ‘తెలివి వచ్చిందా?’ అంటాం. మీ వాక్యానికి కావలసింది ఈ తేడానే. “మెలకువ ఉంటుంది, తెలివి ఉండదు” అని రాయండి.

జవాబు:
తెలివి లేదంటే మొద్దు అనుకోరూ? రోగి ఇంటివాళ్ళు చదివితే బాధపడతారు సార్.

జవాబు:
మా దిక్కు సోయి అంటం. ‘సోయి తప్పి పడ్డడు’ అంటే మీ స్పృహే. కానీ ‘జర సోయిల ఉండి మాట్లాడు’ అంటే నిద్ర లేవమని కాదు, ఏమంటున్నవో ఎరిగి మాట్లాడుమని. ఆ ఎరుక మెలకువకు అవుతల ఉన్నది. వ్యాసంల సోయి పెడితే తప్పేంది?

జవాబు (మత్తు డాక్టరును):
సోయి నాకు నచ్చింది. కానీ మాటల కన్నా ముందు, కొలిచేది ఏమిటో చూద్దాం. 1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మొదటిసారి మనిషి తల మీద నుంచి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశాడు, 1929లో ప్రకటించాడు. ఈ నమోదునే ఇఇజీ అంటాం. ఊరికే కళ్ళు మూసుకుంటే సెకనుకు 8 నుంచి 13 వరకూ ఊగే ఆల్ఫా తరంగాలు కనిపిస్తాయి, కళ్ళు తెరవగానే అణిగిపోతాయి. గాఢనిద్రలో సెకనుకు 4 కన్నా తక్కువగా, పెద్దపెద్ద అలలు. ఇంతవరకూ బాగానే ఉంది. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దగ్గరే చిక్కు. అక్కడ ఇఇజీ గీత దాదాపు మెలకువలో ఉన్నట్టే ఉంటుంది. మనిషికి మెలకువ లేదు, లోపల మాత్రం ఏదో నడుస్తోంది.

మా ఆపరేషన్ థియేటర్లో బిస్ అని ఒక మీటరు ఉంటుంది. నుదుటి మీద పట్టీ అంటిస్తే 0 నుంచి 100 లోపు ఒక సంఖ్య చూపిస్తుంది. పూర్తి మత్తులో 40–60 మధ్య ఉండాలి. కెటమిన్ అనే మత్తుమందు ఇస్తే మనిషి మత్తులో ఉన్నా సంఖ్య దిగదు, పైగా పెరగవచ్చు. దానికి విరుద్ధంగా, పూర్తి మెలకువలో ఉన్న వలంటీర్లకు కండరాలు సడలించే మందు ఒక్కటే ఇచ్చి చూస్తే సంఖ్య 60 కిందికి పడిపోయింది. నుదుటి కండరాల కదలిక కూడా ఆ లెక్కలో కలుస్తోందన్నమాట. కాబట్టి ఆ మీటరు చూపేది ‘స్పృహ శాతం’ అని మాత్రం దయచేసి రాయకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా మేలు చేశారు డాక్టరుగారూ. అయితే కళ్ళు తెరిచిన ఆ రోగులకు “మెలకువ ఉంటుంది, తెలివి ఉండదు” ఖాయం చేసుకోవచ్చా?

జవాబు (మత్తు డాక్టరును):
నామవాచకంతో నాకు పేచీ లేదు, తెలివైనా సోయైనా సరే. క్రియతోనే పేచీ. ‘ఉండదు’ అని మనం ఎలా చెప్పగలం? 2006లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం, పిలిస్తే పలకని ఒక యువతిని స్కానర్లో పడుకోబెట్టి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యవంతుల మెదడులో కదలికలను సిద్ధం చేసే చోటు ఎలా వెలుగుతుందో ఆమెకూ అలాగే వెలిగింది. ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకోమంటే వేరే చోట్లు వెలిగాయి. వేలు కూడా కదపని మనిషి, చెప్పింది విని చేసింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, చెప్పిన పనికి పైకి ఏ స్పందనా చూపని 241 మందిలో 60 మంది మెదళ్ళు స్కాన్లోనో ఇఇజీలోనో ఇలా మాట విన్నాయి. నలుగురిలో ఒకరు! మిగతా ముగ్గురికీ లేదని కూడా అనలేం, ఆ సమయంలో నిద్రపోతూ ఉండవచ్చు, చెవి వినబడకపోవచ్చు.

అందుకే 2010లో కొందరు వైద్యులు ఈ రోగుల స్థితికి ఉన్న ‘వెజిటేటివ్’ అన్న పాత పేరు మానేసి ‘స్పందన లేని మెలకువ’ అనే అర్థం వచ్చే పేరు ప్రతిపాదించారు. మీ వాక్యం “మెలకువ ఉంటుంది, తెలివి ఉన్న జాడ పైకి కనబడదు” అంటే నాకు సమ్మతం.

జవాబు (తెలుగు పంతులుగారు):
ఒప్పుకున్నాను. ‘కనబడదు’ పడితే ఇంటివాళ్ళ బాధ కూడా కొంత తగ్గుతుంది.

జవాబు:
మరి అపస్మారక స్థితి? వార్తల్లో అదే కదా వాడతారు.

జవాబు (మత్తు డాక్టరును):
అందులో ఉన్నది స్మరణ, అంటే జ్ఞాపకం. మాకు అది వేరే లెక్క. కండరాలు సడలించే మందు ఇచ్చే ముందు ఒక చేతికి గట్టిగా పట్టీ బిగిస్తే ఆ మందు ఆ చేతికి చేరదు. మత్తులో ఉండగా ‘నా చెయ్యి నొక్కండి’ అంటే కొందరు నొక్కుతారు. తర్వాత అడిగితే చాలామందికి ఏమీ గుర్తుండదు. వాళ్ళ విషయంలో ‘స్మారకం లేదు’ అనడం అక్షరాలా సరిపోతుంది, ‘తెలివి లేదు’ అనడమే సరిపోదు.

జవాబు (తెలుగు పంతులుగారు):
అపస్మారక వాడితే వాడండిగానీ తోక కోసి ‘అపస్మారం’ చేయకండి. ఆయుర్వేదంలో అది మూర్ఛరోగం పేరు.