ఖాలె హిందూ: మూలంలో ఉందా, నేను కలిపానా?

పాతపుస్తకాలు: పద్నాలుగో శతాబ్దపు ఫారసీ కవి హాఫిజ్ గజల్ ఒకటి నిన్నటి నుంచి బుర్ర తినేస్తోంది. "అగర్ ఆఁ తుర్కె షీరాజీ" అని మొదలు. తర్వాతి పాదం "బ ఖాలె హిందూయష్ బఖ్షమ్ సమర్‌ఖందో బుఖారా రా" అని గుర్తు. ఆ షీరాజ్ తుర్క్ నా మనసు చేతికి తీసుకుంటే, ఆ హిందూ పుట్టుమచ్చకి బదులు సమర్‌ఖండ్, బుఖారా ఇచ్చేస్తానని అర్థం. గెర్ట్రూడ్ బెల్ 1897 ఇంగ్లీషు అనువాదంలో పుట్టుమచ్చ ఉంది గానీ హిందూ లేదు. ఆ మాట నేనే కలిపేశానా?

పాతబస్తీ: లేదు, మూలంలో ఉంది. కానీ హిందూ అని సాగదీయకండి. "హిందువష్", ఆ దు లఘువు. యగణం మీద ఒక గురువు, పాదానికి నాలుగుసార్లు.

కావలి మాష్టారు: లఘువే, కాదనను. అర్థం మాత్రం నలుపు, మతం కాదు. "సియాహ్" అందామంటే గణం చెడుతుంది. ఫారసీ చదువుకుని ఖయ్యాం రుబాయీలని "పానశాల"గా తెలుగులోకి తెచ్చిన మా నెల్లూరు కవికోకిల రామిరెడ్డిగారికి ఇలాంటివి ఎన్ని ఎదురయ్యాయో!

పాతబస్తీ: ప్రతి చర్చా నెల్లూరు చేరాల్సిందేనా మాష్టారూ? గణం కోసం కాదు. తుర్క్ అన్నాక హిందూ రావాలి, అది ఫారసీ కవుల జంట. తెలుపు-నలుపు ఒకటే కాదు, యజమాని-బానిస కూడా.

రేగడి: బెల్‌కి ఇది తెలియకపోదు. 1892లో టెహ్రాన్ వెళ్లి, అక్కడి బ్రిటిష్ దౌత్య ఉద్యోగి హెన్రీ కడోగన్‌తో కలిసి హాఫిజ్‌ని చదివిన మనిషి. పెళ్లికి తండ్రి ఒప్పుకోలేదు, మరుసటి ఏడే అతను పోయాడు. ఇంగ్లీషువాళ్లకి హిందూ అంటే మతమే తోస్తుందని వదిలేసి ఉంటుంది.

కావలి మాష్టారు: అంత దూరం ఎందుకు? మూలంలో సమర్‌ఖండ్ ముందు, బుఖారా తర్వాత. ఇంగ్లీషులో మొదటి పాదం చివరనున్న "హ్యాండ్"తో సమర్‌ఖండ్ ప్రాస కుదరాలని ఆవిడ తిరగేసింది. ప్రాస కోసం ఊళ్లనే అటూఇటూ చేసినావిడకి ఒక విశేషణం లెక్కా?

రేగడి: ఊళ్లేం ఖర్మ, దేశాన్నే! 1921 కైరో సమావేశంలో చర్చిల్‌తో కూర్చుని ఫైసల్‌ని ఇరాక్ గద్దె ఎక్కించే పని చూసింది. అంతకుముందు 1909లో ఎడారిలో ఉఖైదిర్ కోటని గోడగోడా కొలిచి పటం గీసింది. బాగ్దాద్ మ్యూజియం కూడా ఆవిడ చలవే. అక్కడివాళ్లు "ఖాతూన్", అంటే దొరసాని, అని పిలిచేవాళ్లు.

పాతబస్తీ: ఖాతూన్‌లు మా వీధిలోనూ ఉన్నారు లెండి. ఆ తుర్క్ బెల్ అనువాదంలో "మెయిడ్", అంటే అమ్మాయి, ఎలా అయిందో చెప్పండి ముందు. ఫారసీలో ఆడామగా తేడా లేదు కదా. హిందూ పోవడం కంటే ఇది పెద్ద సంగతి.

పాతపుస్తకాలు: అది సరేనండీ, ఇంతకీ నలుపా, బానిసా?

కావలి మాష్టారు: నలుపే.

పాతబస్తీ: రెండూ. దక్కన్ నుంచి బహమనీ సుల్తాను పిలిస్తే హాఫిజ్ హోర్ముజ్ రేవు దాకా వచ్చి, తుఫానుకి జడిసి వెనక్కి వెళ్లాడంటారు. మా దగ్గరికి వచ్చుంటే ఆయన్నే అడిగేవాళ్లం.

కావలి మాష్టారు: వస్తే బహమనీల రాజధాని గుల్బర్గాలో దిగేవాడు. మీ పాతబస్తీ అప్పటికి పుట్టనే లేదు.