తుఫాను పాలైన రైతుకి విశాఖ నుంచి నేరుగా సాయం: చేసినవాళ్లు, అందుకున్నవాళ్లు చెప్పండి

సీతమ్మధార వాసి:
తుఫాను వచ్చిన ప్రతిసారీ మా అపార్ట్‌మెంట్ల వాళ్లం బియ్యం, దుప్పట్లు పోగేసి పంపిస్తున్నాం. ఇకమీదట కొన్ని రైతు కుటుంబాలకి నేరుగా అండగా ఉండాలనుంది. ఎవరిని కలవాలి, ఏమివ్వాలి?

ఉద్దానం ఆడపడుచు:
మాది పలాస దగ్గర పల్లె. 2018 అక్టోబరు 11న తిత్లీ మా మీదుగానే తీరం దాటింది. కొబ్బరి, జీడి రెండూ పోయాయి. మొదటి వారం వచ్చిన బియ్యం, మంచినీళ్లే మమ్మల్ని నిలబెట్టాయి, ఆ మేలు మరువలేం. కానీ తోట నిండా కూలిన చెట్లే. అవి కోయించి బయటికి లాగిస్తే గానీ కొత్త మొక్కకి చోటు లేదు. విశాఖ నుంచి వచ్చిన కొందరు ఉద్యోగులు ‘ఏం కావాలి’ అని మా నాన్నని అడిగారు. కోత మిషను అద్దె, కూలి డబ్బులు అన్నారాయన. అవే ఇచ్చారు. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఇల్లు గడవాలి కదా! మొక్కల మధ్య వేసిన అంతరపంటలకీ పెట్టుబడి సాయం చేశారు. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తారు. మీరూ ఒక్క ఏడాదితో వదిలెయ్యకండి.

చోడవరం కౌలు రైతు:
పేర్లు రాసుకునేటప్పుడు జాగ్రత్తండి. 33 శాతం, ఆపైన పంట పోతేనే సర్కారు పెట్టుబడి రాయితీ. కౌలుకి చేసేవాళ్లకి సాగు హక్కు పత్రం ఉండాలి. 2019 చట్టం ప్రకారం దానికి భూయజమాని సంతకం కావాలి, గడువు 11 నెలలే. నోటిమాట మీద కౌలు చేసేవాడికి ఆ సంతకం దొరకదు. పంట పోయేది అతనిది, పరిహారం పడేది యజమాని ఖాతాలో. ఒకసారి నాకూ అదే జరిగింది. ఊళ్లో పెద్దలిచ్చిన జాబితాతో ఆగకుండా పొలం గట్టు మీదికి వెళ్లి, దున్నిందెవరో అడగండి.

ఎంవీపీ కాలనీ గృహిణి:
కొనడం కూడా సాయమే. 2014లో హుద్‌హుద్ తర్వాత పడిపోయిన తోటల నుంచి ముదరని అరటి గెలలు తెచ్చి మా గేటు దగ్గరే అమ్మించాం. రైతుబజారు బోర్డు మీద రేటే ఇచ్చాం, బేరమాడలేదు. ఆటో కిరాయి మేమే పెట్టుకున్నాం. అదే రైతు దగ్గర ఇప్పటికీ కూరగాయలు కొంటున్నాం.

సీతమ్మధార వాసి:
అయితే ముందు కోత మిషను, కూలి ఖర్చులకి నిధి పెడతాం. చోడవరం అన్నగారూ, మీ వైపు పత్రం లేని కౌలుదారుల్ని కలవడానికి వస్తాం. ఏ రోజు వీలవుతుందో చెప్పండి.