కంటి లెన్సు, పేటెంటు పత్రం: ‘పరీక్ష’ అన్న మాట ఎక్కడ తగును, ఎక్కడ తగదు?

ప్రశ్న (తిరుపతి నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. ఒక కాంటాక్ట్ లెన్సు పరికరానికి పేటెంటు కోరే దరఖాస్తు ఎలా ఉంటుందో, దానిని కార్యాలయం ఎలా పరిశీలిస్తుందో ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం తెలుగులో రాస్తున్నాను. కంటి లోపలి ఒత్తిడిలో రాత్రింబవళ్ళు కలిగే మార్పులను పట్టి చూపడం ఆ లెన్సు పని. నా రాతప్రతిలో పరికరం చేసేది ‘కంటి పరీక్ష’ అయింది, కార్యాలయం చేసేది ‘దరఖాస్తు పరీక్ష’ అయింది, చట్టం పేటెంటుకు అనర్హమని చెప్పేది ‘రోగ పరీక్షా ప్రక్రియ’ అయింది. మూడు చోట్లా ఒకే మాట ఉంచవచ్చునా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (చిత్తూరు నుంచి)

అమ్మా, మూడింటికీ ఒకే మాట వద్దని నా దృఢమైన అభిప్రాయం. అలాగని ‘పరీక్ష’ను తక్కువ చేయడం లేదు. ‘పరి’ అంటే చుట్టూ, ‘ఈక్ష’ అంటే చూడడం. ఒక వస్తువును అన్ని వైపుల నుంచీ చూడడమే పరీక్ష. లోచనం, నయనం, నేత్రం అని కంటి పేర్లు చెబుతూ అమరకోశం ఆ వరుసలోనే ‘ఈక్షణం’ కూడా చెప్పింది. మన జిల్లాలో ఆసుపత్రికి వెళ్ళివచ్చినవారు ‘కండ్లు చూపించుకొని వచ్చినాను’ అంటారు. ఆ వాడుకలోనూ చూడడమే ప్రధానం కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

పేటెంటు కార్యాలయం చేసే పనికి ఈ మాట అక్షరాలా తగినది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళే దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆవిష్కరణ కొత్తదేనా, ఆ రంగంలో నేర్పు ఉన్నవారికి సులువుగా తట్టేదా, పరిశ్రమలో ఉపయోగపడేదేనా, క్లెయిములు (అంటే ఆవిష్కరణలో తనకు హక్కు కావాలని దరఖాస్తుదారు కోరే అంశాలు) స్పష్టంగా, క్లుప్తంగా, వివరణపత్రంలో వెల్లడించినదానికి కట్టుబడి ఉన్నాయా అని పరీక్షాధికారి చూస్తారు. ఈ రకం లెన్సులకు కొత్తదనం దగ్గరే గట్టి ప్రశ్న ఎదురవుతుంది, ఎందుకంటే కంటి మీద లెన్సు ఉంచి సంకేతాలు తీసుకోవడమన్న ఆలోచన పాతది. రెటీనాలో పుట్టే విద్యుత్ సంకేతాలను నమోదు చేయడానికి లోరిన్ రిగ్స్ అనే శాస్త్రవేత్త 1941లోనే కాంటాక్ట్ లెన్సులో ఎలక్ట్రోడును అమర్చి వాడారు. కనుక దరఖాస్తుదారు తన లెన్సులోని ఏ అమరిక కొత్తదో విడదీసి చెప్పుకోవలసి ఉంటుంది.

చిక్కంతా మీరు చెప్పిన మూడో చోట ఉంది. 1970 నాటి పేటెంట్ల చట్టంలో 3వ సెక్షన్ (ఐ) క్లాజు ప్రకారం మనుషులకు చేసే వైద్య, శస్త్రచికిత్సా ప్రక్రియలు ఆవిష్కరణలు కావు. 2002లో చేసిన సవరణ రోగనిర్ధారణ ప్రక్రియలను కూడా ఆ వరుసలో చేర్చింది. 2003 మే 20 నుంచి అది అమలులోకి వచ్చింది. ఇక్కడ ‘ప్రక్రియ’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే ఆ క్లాజు అడ్డగించేది ప్రక్రియను మాత్రమే, పరికరాన్ని కాదు. ‘సెన్సరు అమర్చిన లెన్సు’ అని రాసిన క్లెయిముకూ, ‘లెన్సు పెట్టి నీటికాసుల జబ్బును (గ్లకోమాను) గుర్తించే ప్రక్రియ’ అని రాసిన క్లెయిముకూ మధ్య చట్టం గీసిన గీత ఇదే. మొదటిది ఈ క్లాజు దాటి కొత్తదనం ప్రశ్న దాకా వెళ్ళగలదు. రెండోదానికి ఈ క్లాజు దగ్గరే అభ్యంతరం వస్తుంది. రెండింటినీ మనం ‘కంటి పరీక్ష’ అని రాస్తే విద్యార్థికి ఆ గీత కనబడనే కనబడదు.

ఆ క్లాజులోని రోగనిర్ధారణకు కూడా హద్దు ఉంది. చికిత్స నిమిత్తం వ్యాధిని బయటపెట్టే ప్రక్రియలకే దానిని పరిమితం చేసి చదవాలని 2023లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో చెప్పింది. అంటే కొలవడం వేరు, కొలిచినదానిని బట్టి ఫలానా జబ్బు అని తేల్చడం వేరు. ‘నిర్ధారణ’లో ఆ తేల్చడం ఉన్నది, ‘పరీక్ష’లో లేదు. కాబట్టి చట్టం మాట వచ్చిన చోట ‘రోగనిర్ధారణ’ అనే రాయండి, మరొకటి రాయకండి.

మరొక సభ్యుడు (తిరుపతి నుంచి)

అయ్యా, ‘రోగనిర్ధారణ’ కొత్తగా అతికించిన మాటలా నాకు తోస్తుంది. ఆయుర్వేదంలో ‘నిదానం’ అన్న చక్కని మాట తరతరాలుగా ఉన్నది కదా, దానిని ఎందుకు వదులుకోవాలి?

సమాధానం (చిత్తూరు నుంచి)

మీ అభిమానం నాకూ ఉన్నదే. అయితే నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అనే నిదానపంచకంలో ‘నిదానం’ మొదటి అంశంగా రోగకారణాన్ని చెబుతుంది, ఐదింటితో కలిసి రోగాన్ని తెలుసుకోవడాన్నీ చెబుతుంది. శాస్త్రం చదివినవారు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకొంటారు. ‘నిదానమే ప్రధానం’ వింటూ పెరిగిన విద్యార్థికి మాత్రం తొందరపడకపోవడమే ముందు తోస్తుంది. చట్టానికి సంబంధించిన రాతలో ఒక మాటకు ఇన్ని అర్థాలు ఉండడం క్షేమం కాదు.

మొదటి ప్రశ్నలో మిగిలిన భాగం, పరికరం చేసే పనిని ఏమనాలన్నది. ‘ఒత్తిడి కొలత’ అని కూడా తొందరపడి రాయవద్దు. 2016లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి పొందిన ట్రిగ్గర్‌ఫిష్ అనే స్విస్ లెన్సునే చూడండి. అది మెత్తని సిలికాన్ లెన్సు. గరిష్ఠంగా 24 గంటలు కంటిపై ఉంచుతారు. ఒత్తిడి మారినప్పుడు కనుగుడ్డు ముందుభాగపు వంపులో కలిగే సూక్ష్మమైన మార్పును దానిలోని సెన్సరు పట్టుకొంటుంది. ఒత్తిడిని పాదరసపు మిల్లీమీటర్లలో అది చెప్పదు. జబ్బును తేల్చే సాధనం కాదని ఆ సంస్థే అనుమతి ఇస్తూ స్పష్టం చేసింది. ఏ వేళలో ఒత్తిడి పెరుగుతూ ఉండవచ్చునో వైద్యులకు సూచించడం వరకే దాని పని. ఇటువంటి పరికరానికి ‘నమోదు’ అన్న మాట సరిపోతుంది. మరొక లెన్సు నిజంగానే ఒత్తిడిని అంకెల్లో చెప్పేదైతే అప్పుడు ‘కొలత’ అనండి.

ప్రశ్న వేసిన సభ్యురాలు (తిరుపతి నుంచి)

ధన్యవాదాలండీ. మీరు చెప్పినట్లు వాక్యాన్ని ఇలా మార్చాను: ‘కంటి వంపులోని మార్పులను నమోదు చేసే ఈ లెన్సు పరికరంపై వేసిన దరఖాస్తును పరీక్షాధికారి పరీక్షించి, పరికరానికి సంబంధించిన క్లెయిములను ఒకవైపు, రోగనిర్ధారణ ప్రక్రియకు సంబంధించిన క్లెయిములను మరొకవైపు విడిగా పరిశీలించి, రెండోవాటిపై 3(ఐ) కింద అభ్యంతరం తెలిపారు.’ ఇందులో ‘పరీక్షించి’, ‘పరిశీలించి’ రెండూ ఉండాలా?

సమాధానం (చిత్తూరు నుంచి)

‘పరీక్షించి’ ఒక్కటి చాలునమ్మా. ‘విడిగా పరిశీలించి’ తీసివేసి ‘వేరు చేసి’ అనండి.