రాత్రి రెండింటికి డిపోలో పొగ వస్తే ఎర్ర బటన్ ఎవరు నొక్కాలి?

గ్యారేజీమనిషి:

అందరికీ నమస్కారం. ఇరవై రెండేళ్లు డీజిల్ గ్యారేజీలో మెకానిక్‌గా చేశాను. కిందటేడాది మా డిపోకు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాక నన్ను సేఫ్టీ పని చూడమన్నారు. ఇప్పుడు పదిహేను రోజుల్లో ఎమర్జెన్సీ ప్లాన్ రాసివ్వాలట. నమూనా ఒకటి పంపారు. 46 పేజీలు, అంతా ఇంగ్లీషే. అందులో మొట్టమొదటి పని, డిపో మేనేజర్‌కు వెంటనే తెలియజేయడం. మా బండ్లు చార్జింగ్‌కు చేరేది రాత్రి పదకొండు దాటాక. ఆ వేళకు డీఎం గారు ఇంట్లో నిద్రపోతుంటారు.

ఈ భయం నాకు ఊరికే పట్టుకోలేదు. పోయిన నెల ఒక వాన రాత్రి, రెండు దాటాక, ఒక బండి దగ్గర కాలిన వాసన వచ్చింది. ముందు చూసింది బస్సులు కడిగే కుర్రాడు. ఒడిశా అబ్బాయి, తెలుగు అంతంతమాత్రం. ఎవరికి చెప్పాలో తెలీక గేటు దాకా పరిగెత్తాడు. సెక్యూరిటీ అతను ఇసుక బకెట్ పట్టుకుని వచ్చాడు. చార్జింగ్ చూసే మనిషేమో అవతలి వరసలో ఇంకో బండికి చార్జింగ్ గన్ (కేబుల్ చివరి ప్లగ్గు) పెడుతున్నాడు. అతను వచ్చి ఆపేసరికి పదకొండు నిమిషాలైంది. సీసీ కెమెరాలో లెక్కపెట్టాను. తీరా చూస్తే గన్‌లో పిన్ను వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ కరిగింది. అంతే, అదృష్టం. చార్జర్ మీద, దాన్ని వెంటనే ఆపేసే ఎర్ర బటన్ కొట్టొచ్చినట్టు కనిపిస్తూనే ఉంది. కుర్రాడు దాని పక్కనుంచే పరిగెత్తాడు. ఎందుకు నొక్కలేదురా అంటే, "అది ముట్టుకుంటే జీతం కోస్తామన్నారు సార్" అన్నాడు.

ఇంకో చిక్కు ఉంది. కండక్టర్లు సంస్థ మనుషులు. డ్రైవర్లు, చార్జింగ్ వాళ్లు బస్సుల కంపెనీ మనుషులు. కడిగేవాళ్లు కాంట్రాక్టర్ కింద, సెక్యూరిటీ ఇంకో ఏజెన్సీ కింద. ఒకరి మాట ఇంకొకరు వినరు. ట్రైనింగ్ ఎవరితో మొదలుపెట్టాలి, ఏం నేర్పాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి. దయచేసి పీపీటీలు పంపకండి.

నైట్‌షిఫ్ట్_చార్జింగ్:

అన్నా, కథంతా ఆ జీతం మాటలోనే ఉంది. మా డిపోలోనూ ఇదే భయం. మేం ముందు అరపేజీ ఆర్డర్ రాయించాం: అనుమానం వచ్చి ఎవరు బటన్ నొక్కినా, తర్వాత అది ఉత్తదే అని తేలినా, ఎవరినీ ఏమీ అనకూడదు. కింద డీఎం గారి సంతకం, కంపెనీ మేనేజర్ సంతకం. తెలుగులోనూ హిందీలోనూ ప్రతి చార్జర్‌కూ అంటించాం. ఆ తర్వాత చార్జర్లు సర్వీసింగ్‌కు ఆపే రోజు చూసుకుని స్వీపర్లతో సహా అందరిచేతా నిజం బటనే నొక్కించాం. బొమ్మ చూపిస్తే మర్చిపోతారు, చేత్తో నొక్కితే మర్చిపోరు. రెండు బటన్లు అసలు పనిచేయడం లేదని ఆ రోజే తెలిసింది. అది వేరే సంగతి.

రాత్రి వాళ్లతోనే మొదలుపెట్టండి. వాళ్లకు నేర్పాల్సింది కొంచెమే. గన్ వేడెక్కినా, చార్జర్‌లో మంట వచ్చినా బటన్ నొక్కితే చాలావరకు అక్కడితో ఆగుతుంది, చిన్న కరెంటు మంటకు, మంటలార్పే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ సరిపోతుంది. బ్యాటరీ సంగతి అలా కాదు. బస్‌స్‌స్‌మని చప్పుడు, తెల్లటి పొగ, ఒకరకం తియ్యటి వాసన, వీటిలో ఏది వచ్చినా ఆ బండి మీద ఆశ వదిలేయాలి. బటన్ నొక్కి, అరిచి, దూరం పోవాలి. బటన్ నొక్కితే చార్జర్ ఆగుతుందే గాని బ్యాటరీలో ఉన్న కరెంటు ఎక్కడికీ పోదు. ఐదారొందల వోల్టులు ఆ పెట్టెలోనే కూర్చుని ఉంటాయి. నారింజ రంగు కేబుళ్ల జోలికి ఎవరూ పోకూడదు.

మెకానిక్‌లకు వేరే క్లాసు కావాలి. బ్యాటరీ నుంచి కరెంటు తెంపే సర్వీస్ ప్లగ్ తీశాక కంపెనీ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి, మీటర్లో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. రబ్బరు గ్లౌజులను ప్రతిసారీ గాలి నింపి, మడిచి, ఎక్కడైనా గాలి పోతోందా అని చెవి దగ్గర పెట్టుకుని వినాలి. సూదిమొన అంత చిల్లున్నా పారేయాల్సిందే. పాత డీజిల్ మెకానిక్‌లకు ఇది మింగుడుపడదు. ఏమనుకోకండన్నా, మీకంతా చేత్తో తడిమి చూసే అలవాటు కదా.

కాంట్రాక్టు కుర్రాళ్లు రెండు నెలలకోసారి మారిపోతుంటారు. అందుకే మా దగ్గర అరగంట ట్రైనింగ్ లేకపోతే గేట్ పాస్ ఇవ్వరు. నలుగురు యజమానులున్నా గేటు ఒకటే కదా.

స్టీరింగ్‌రాజు:

డీజిల్ బండ్లు కాలలేదా ఎప్పుడూ? ఈ ఎలక్ట్రిక్ వచ్చిన దగ్గర్నుంచి అందరికీ టెన్షనే. మా డిపోలో ఇసుక బకెట్లతోనే ముప్పై ఏళ్లు గడిచాయి.

పాతఫైర్‌మన్:

రాజు గారూ, డీజిల్ బండ్లూ కాలతాయి, కాదనను. తేడా ఆర్పడంలో ఉంది. డీజిల్ మంటకు గాలి అందకపోతే చస్తుంది. బ్యాటరీలో ఒక సెల్ పాడైతే అది తనంతట తనే వేడెక్కి పక్క సెల్‌ను కూడా రేపుతుంది. పౌడర్ సిలిండర్ కొడితే పైమంట పడిపోతుంది, లోపలి వేడి తగ్గదు. గంటల తర్వాత మళ్లీ లేవొచ్చు, మర్నాడైనా లేవొచ్చు. చల్లార్చడానికి నీళ్లే దిక్కు, అవీ బోలెడు కావాలి. మా మామూలు ఫైరింజన్‌లో పట్టేది 4,500 లీటర్లు. బస్సు బ్యాటరీకి అది ఏ మూలకు? కాబట్టి గ్యారేజీ గారూ, మీ సంపులో నీళ్లున్నాయా, హైడ్రాంట్‌కు (ఫైర్ గొట్టం తగిలించే కుళాయికి) ప్రెషర్ వస్తోందా, ముందు అది చూడండి. 101కి ఫోన్ చేసేటప్పుడు ఎలక్ట్రిక్ బస్సు అని చెప్పాలి. మేం వచ్చేసరికి దారి చూపే మనిషి గేటు దగ్గర నిలబడి ఉండాలి.

పార్కింగ్ గురించి ఎవరూ ఎత్తలేదు. జర్మనీలో 2021 సెప్టెంబరు 30న స్టుట్‌గార్ట్ డిపోలో 25 బస్సులు కాలిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో డ్యూసెల్‌డార్ఫ్‌లో 38. ఈ రెండోదాంట్లో డీజిల్ బస్సులే ఎక్కువ. మొదట అంటుకున్నది ఏదైనా, అద్దానికి అద్దం తగిలేలా నిలబెడితే వరసంతా పోతుంది. నాలుగైదు బండ్లకు ఒక ఖాళీ వదలండి. గుద్దుకున్న బండినీ, వరద నీళ్లలో మునిగి వచ్చిన బండినీ వరసలోకి రానివ్వకండి. అన్నిటికీ కనీసం 15 మీటర్ల దూరంలో, ఆరుబయట ఉంచండి.

ఇంకొక్కటి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఏమైందో గుర్తుందిగా. మంట సెల్లార్‌లోని ఈ-స్కూటర్ల షోరూమ్‌లో, చనిపోయింది పైన లాడ్జిలో దిగినవాళ్లు. ఎనిమిది మంది. చాలామందికి పొగకే ఊపిరాడలేదు. మీ క్రూ రెస్ట్ రూమ్, అదే డ్రైవర్లు పడుకునే గది, ఎక్కడుంది బాబూ?

గ్యారేజీమనిషి:

సార్, మీ చివరి ప్రశ్న చదివి లేచి వెళ్లి చూశాను. చార్జింగ్ షెడ్డుకు ఆనుకున్న గది పైన ఉంది. మెట్లు ఒకటే, అవీ షెడ్డు వైపే దిగుతాయి. పొద్దున మొదటి సర్వీసుకు వెళ్లాల్సిన డ్రైవర్లు పన్నెండు మంది పడుకుని ఉన్నారు. మంచాలన్నీ పాత టికెట్ సెక్షన్ హాల్లోకి మార్పించాను. ఫ్యాన్లు లేవని తిడుతున్నారు, తిట్టనీ.

నైట్‌షిఫ్ట్ తమ్ముడూ, నీ అరపేజీ ఆర్డర్ డీఎం గారికి చూపించాను, సంతకం పెట్టారు. కంపెనీ మేనేజర్ హెడాఫీసును అడగాలంటున్నారు. బండ్ల మధ్య ఖాళీ వదిలే మాట ఎత్తితే మాత్రం డీఎం గారే స్థలం ఎక్కడుందయ్యా అన్నారు. దాని మీద ఇంకా కొట్లాట నడుస్తోంది.

నిన్న రాత్రి రెండింటికి ఎవరికీ చెప్పకుండా డ్రిల్ పెట్టాను. ఒడిశా కుర్రాడు నలభై సెకన్లలో బటన్ నొక్కాడు. అంతా బాగుందనుకుని, మొత్తం షెడ్డుకే కరెంటు ఆపాలంటే ఎలా అని అడిగాను. ప్యానెల్ రూముకు తాళం. తాళంచెవి డిపో ఆఫీసులో ఒక సార్ బీరువాలో. బీరువా తాళంచెవి ఆయన జేబులో, ఆయన ఉప్పల్‌లో. ఈ రోజు గోడకు అద్దం పెట్టె కొట్టిస్తున్నాను.