భుజం ఆపరేషన్ తర్వాత కొలెస్ట్రాల్ మాత్ర ఆపాలా?

మామిడితోట_చిత్తూరు:
అందరికీ నమస్కారం. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మా నాయనకు 63 ఏళ్లు. మామిడికాయలు కోస్తూ నిచ్చెన మీద నుంచి పడితే కుడి భుజంలో టెండన్ (కండను ఎముకకు కలిపే పట్టీ) తెగింది, స్కానింగ్‌లో సుప్రాస్పైనేటస్ అనే టెండన్ పూర్తిగా తెగిందని రాశారు. పోయిన నెల తిరుపతిలో కీహోల్ ఆపరేషన్ చేసి కుట్టారు, చెయ్యి ఇంకా స్లింగ్‌లోనే ఉంది. ఆయనకు గుండెలో స్టెంట్ ఉంది, అప్పటి నుంచి రోజూ రాత్రి కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నాడు. చూడ్డానికి వచ్చిన బంధువు ఒకాయన ఆ మాత్ర కండల్ని తినేస్తుంది, కుట్టింది అతుక్కోదు అని చెప్పిపోయాడు. అంతే, నాయన మాత్ర పక్కన పెట్టేశాడు, ఎంత చెప్పినా వినడం లేదు. నిజంగా ఆపాలా? టెన్షన్‌గా ఉంది.

ఫిజియో_తిరుపతి:
తమ్ముడూ, ముందు ఆ మాత్ర అట్ట తిప్పి వెనక ఏం రాసుందో చూడు. స్టెంట్ వేసినవాళ్లలో చాలామందికి అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్ కలిసి ఉన్న క్యాప్సూల్ రాస్తారు. మీ నాయన వేసుకునేది అదే అయితే కొలెస్ట్రాల్ మందుతో పాటు రక్తం గడ్డకట్టకుండా ఉండే మందు కూడా ఆగిపోయినట్టే, భుజం కన్నా నాకు అదే భయం. ఈ రోజే గుండె డాక్టరుకు ఫోన్ చెయ్యి.

ఇక టెండన్ సంగతి. స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందు) వాడేవాళ్లలో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, అరుదుగా టెండన్ ఇబ్బందులు కూడా, ముఖ్యంగా మడమ దగ్గర. మీ బంధువు విన్నది అదే అయ్యుంటుంది. కానీ కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండటమే టెండన్‌కు చెడు. ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో కొలెస్ట్రాల్ ఎక్కువున్న వాటికి కుట్టిన టెండన్ సరిగా గట్టిపడలేదు, అటోర్వాస్టాటిన్ ఇచ్చిన వాటికి ఇంకా బాగా అతుక్కుంది. మనుషుల్లో కూడా, అమెరికాలో ఇన్సూరెన్స్ రికార్డులు తిరగేసిన ఒక అధ్యయనంలో స్టాటిన్ వాడేవాళ్లకు రెండోసారి ఆపరేషన్ అవసరం పెరగలేదు, రికార్డుల లెక్క కాబట్టి పూర్తి రుజువని చెప్పను గానీ, ఆపమనడానికైతే ఆధారం లేదు. టెండన్ తెగొచ్చని గట్టి హెచ్చరిక ఉన్నది సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌కు. విరేచనాలనో యూరిన్ ఇన్ఫెక్షన్ అనో ఎవరైనా అవి ఇస్తే భుజం ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి.

పీలేరు_అక్క:
మా అమ్మకు ఇదే ఆపరేషన్ అయింది, కొలెస్ట్రాల్ మాత్ర ఒక్కరోజు కూడా ఆపలేదు, చెయ్యి బాగానే లేస్తోంది. మమ్మల్ని ఏడిపించింది మాత్ర కాదు, ఆవు. ఒక చేత్తో పాలు పిండడం కుదరక మేం చూడనప్పుడు స్లింగ్ విప్పేసి రెండు చేతులతో కూర్చునేది. చివరికి పక్కింటి పిల్లోడికి ఆ పని అప్పగించాం. నాయన మీద కూడా ఒక కన్నేసి ఉంచు, తోటలో ఉండేవాళ్లు ఊరికే కూర్చోలేరు. షుగర్ ఉందా? ఉంటే అది కంట్రోల్‌లో పెట్టండి, బీడీ ఉంటే మాన్పించండి, అతుక్కోవడానికి అవి రెండూ అడ్డమే అని మాకు సర్జన్ గట్టిగా చెప్పారు.

మామిడితోట_చిత్తూరు:
అన్నా, నువ్వు చెప్పినట్టే ఉంది. అట్ట మీద ఆస్పిరిన్ 75, అటోర్వాస్టాటిన్ 20 అని రాసుంది. గుండె డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన నాయనతోనే మాట్లాడి ఈ రాత్రి నుంచే మళ్లీ వేసుకోమన్నారు, ఆయన నోటితో చెప్పేసరికి నాయన ఒప్పుకున్నాడు. అక్కా, షుగర్ లేదు, బీడీ ఉంది, దాంతోనే నా పోరాటం. ఇంకొకటి అన్నా, మాత్ర మానక ముందు అప్పుడప్పుడూ రెండు తొడలూ లాగుతున్నాయనేవాడు. అది దీనివల్లేనా?

ఫిజియో_తిరుపతి:
కావొచ్చు, కాకపోవచ్చు. స్టాటిన్ నొప్పి మామూలుగా రెండు వైపులా తొడల్లో, పిక్కల్లో వస్తుంది, ఆపరేషన్ చేసిన ఒక్క భుజంలో మాత్రమే ఉన్న నొప్పిని దానికి అంటగట్టలేం. తొడల సంగతి గుండె డాక్టరుకు చెప్పండి, కండలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే అని రక్తపరీక్ష ఉంటుంది, థైరాయిడ్, విటమిన్ డి కూడా చూస్తారు. అవసరమైతే డోస్ తగ్గిస్తారు, లేదా వేరే స్టాటిన్‌కు మారుస్తారు. కండలు బాగా నీరసించినా, మూత్రం కోలా రంగులో వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు. మానేసిన రోజుల మాత్రలు కలిపి వేసుకోనివ్వొద్దు, రోజుకు ఒక్కటే.