వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో యాప్ చేస్తున్నాం: లైసెన్సులో ముందుగా ఏది చూడాలి?

పదునుపెన్సిల్:
ముగ్గురం కలిసి సరుకుల రవాణాకు ఒక యాప్ తయారు చేస్తున్నాం. ఒక కంపెనీ డేటాబేస్, మరో కంపెనీ మ్యాపుల ఏపీఐ (వారి సేవను మా యాప్ నుంచి వాడుకునే మార్గం), ఎన్నో ఓపెన్ సోర్స్ లైబ్రరీలు (ఇతరులు రాసి, అందరూ వాడుకునేలా ఇచ్చిన కోడ్) అందులో ఉన్నాయి. యాప్‌ను అమ్మాలని ఉద్దేశం. ఇలాంటి పని చేసినవారు ముందుగా ఏ షరతు చూస్తారు?

మూలకోడ్:
యాప్ వాడేవారి చేతికి ఎలా చేరుతుందో ముందు తేల్చుకోండి. ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో ఎంఐటీ అయితే కాపీరైట్ ప్రకటన, లైసెన్సు పాఠం అలాగే ఉంచితే చాలు. జీపీఎల్ అనే లైసెన్సు ఉన్న కోడ్ కలిపిన ప్రోగ్రామును ఇతరులకు ఇస్తే, దాని మొత్తం సోర్సును (రాసిన అసలు కోడ్‌ను) అదే లైసెన్సు కింద ఇవ్వాలి. మీ సర్వర్‌లోనే నడుపుకుంటే ఆ బాధ్యత రాదు. ఏజీపీఎల్ అనే మూడో లైసెన్సు ఆ వెసులుబాటు ఇవ్వదు: మీరు మార్చిన ప్రోగ్రామును నెట్‌వర్క్ ద్వారా వాడేవారికీ సోర్సు అందించాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అమ్ముకోవడానికి మాత్రం ఈ మూడింటిలో ఏదీ అడ్డు చెప్పదు.

రాత్రిబండి:
మూలకోడ్ గారి మాట కోడ్ వరకు నిజం. మ్యాపుల ఏపీఐ సంగతి వేరు, అక్కడ మీకు దక్కేది సేవ మాత్రమే. 2023 జనవరిలో ట్విటర్, తన సేవను వాడుకోవడానికి ఇతరులు చేసిన యాప్‌లను నిషేధించింది. అదే ఏడాది చర్చావేదిక రెడిట్ తన ఏపీఐకి ధర పెట్టాక, రెడిట్ చదవడానికి ఎంతోమంది ఇష్టపడిన అపోలో యాప్ జూన్ 30న మూతపడింది. మేము చిరునామాలు వెతికే ఒక ఏపీఐని తీసుకోబోతూ షరతులు చదివాం. ఫలితాలను శాశ్వతంగా నిల్వ చేయరాదని ఉంది. మా యాప్ ఇంటర్నెట్ లేనప్పుడూ పనిచేయాలి కాబట్టి దాన్ని వదిలేశాం. నిల్వ, వాడకం పరిమితి, షరతులు మార్చే ముందు ఎన్నాళ్ల గడువిస్తారు, ఈ మూడూ తప్పక చూడండి.

చివరిపుట:
కోడ్ లైసెన్సులూ మారతాయి. రెడిస్ అనే డేటాబేస్ 2024 మార్చిలో, ఎంఐటీ లాంటి బీఎస్‌డీ లైసెన్సును వదిలేసింది. కానీ 7.2 వెర్షన్ అప్పటికే బీఎస్‌డీ కింద విడుదలైంది కాబట్టి, దాన్నే ఆధారంగా చేసుకుని వాల్కీ అనే వేరే ప్రాజెక్టు పుట్టగలిగింది. 2025లో రెడిస్ 8కి ఏజీపీఎల్‌ను కూడా చేర్చారు. అందుకే ప్రతి లైబ్రరీకీ వెర్షన్ అంకె, అప్పటి లైసెన్సు ఫైలు మా దగ్గర భద్రపరుస్తాం. ఇది విసుగు పుట్టించే పనే, అయినా మానకండి.

పదునుపెన్సిల్:
అందరికీ కృతజ్ఞతలు. మా డేటాబేస్ జీపీఎల్ కింద దొరికే మైఎస్‌క్యూఎల్, సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ బాధ్యత రాదు. ఇక మ్యాపుల షరతుల్లో “పోటీ ఉత్పత్తి చేయరాదు” అని ఉంది, ఏది పోటీయో నిర్వచించలేదు. వారి అమ్మకాల ప్రతినిధి మాకేమీ ఇబ్బంది ఉండదని ఈమెయిల్ రాశారు. సరిపోతుందా?

రాత్రిబండి:
సరిపోదనే అనుకోండి. ఒప్పందం చివర్లో “ఇందులో ఉన్నదే పూర్తి ఒప్పందం” అన్న షరతు ఉందేమో చూడండి. ఉంటే ఆ ఈమెయిల్‌ను నమ్ముకోలేరు. మీ యాప్ చేసే పనిని వివరించి, దానికి అనుమతి ఉందని సంతకంతో కూడిన సవరణ పత్రం అడగండి. ఇవ్వబోమంటే, కోడ్ ఇంకా పెరగకముందే వేరే మ్యాపులు చూసుకోవచ్చు.